స్తంభమెక్కే చదువు

మే నెల సాయంత్రం. పగలంతా ఎండకు ఉడికిన బండలు ఇంకా చల్లారవు, ఈదురుగాలి మొదలవుతుంది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర దుమ్ము సుడులు తిరుగుతుంది. రోడ్డు పక్క తురాయి కొమ్మ ఒకటి ఫెళ్లున విరిగి తీగల మీద పడుతుంది. అంతే... కొండంతా చీకటి!

పెద్ద ఇళ్లలో ఆ చీకటి ఆయుష్షు పది సెకన్లు. గేటు పక్కన జనరేటర్ గుర్రుమంటుంది, ఏసీలు మళ్లీ తిరుగుతాయి. కొంచెం కిందికి దిగి ఫిల్మ్‌నగర్ బస్తీల్లోకి వెళ్తే సంగతి వేరు. రేకుల ఇళ్లలో సెల్‌ఫోన్ టార్చీలు వెలుగుతాయి. పిల్లలు గుమ్మాల్లోకి వచ్చేస్తారు. ఎవరో 1912కి ఫోన్ చేస్తారు. కాసేపటికి వానలో తడుస్తూ ఒక బండి మీద ఇద్దరు దిగుతారు. ఒకరి భుజాన తాడు, ఇంకొకరి చేతిలో పొడవాటి కర్ర. 'కరెంటాయన వచ్చిండు' అని పిల్లలు అరుస్తారు. ఆయన పేరు ఎవరికీ తెలియదు. బల్బు వెలగ్గానే అందరూ లోపలికి పోతారు. ఆయన స్తంభం దిగడం ఎవరూ చూడరు.

కృష్ణానగర్ నుంచి ఫిల్మ్‌నగర్ దాకా నడిచి చూడండి. నటన నేర్పుతామని ఒక బోర్డు, డ్యాన్సు నేర్పుతామని ఇంకొకటి, ఎడిటింగు, డబ్బింగు, గుర్రపు స్వారీ... నేర్చుకోవాలనుకున్నవాడికి లోటు లేదు. మరి ఆ వెలుగులన్నిటికీ తీగ లాగే కరెంటాయన ఏ బడిలో చదువుకున్నాడు? పదో తరగతి అయిన పిల్లలున్న ఇళ్లలో కూడా ఈ ప్రశ్నకు జవాబు చాలామందికి తెలియదు.

బండల మీద తీగలు

అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్ ప్రారంభించింది 1976లో. అప్పటికి ఈ చుట్టుపక్కల కనిపించేవి ఎక్కువగా రాళ్లూ తుప్పలే. తర్వాత రామానాయుడు స్టూడియోస్ వచ్చింది, ఫిల్మ్‌నగర్ పెరిగింది. మద్రాసులో ఉన్న పరిశ్రమ మెల్లమెల్లగా ఈ రాళ్ల మీదికి ఎక్కింది. సినిమాకి కథ లేకపోయినా నడుస్తుందేమో గానీ (నడిచినవి లేకపోలేదు), కరెంటు లేకపోతే నడవదు.

హైదరాబాదుకు కరెంటు కొత్తేమీ కాదు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ కేంద్రం 1920లోనే మొదలై 1983 దాకా నడిచింది. రాష్ట్ర విద్యుత్ బోర్డు 1959లో వచ్చింది, 1999లో విడిపోయింది. 2000లో డిస్కములు పుట్టాయి. రాజధానికి కరెంటిచ్చే కంపెనీ 2014లో టీఎస్‌ఎస్‌పీడీసీఎల్ అయింది, 2024లో టీజీఎస్‌పీడీసీఎల్ అయింది. బోర్డు మీద ఎన్ని అక్షరాలు మారినా జనం నోట మాత్రం అది 'కరెంటాఫీసే'.

ఈ కొండ మీద స్తంభం పాతడం ఒక తంటా. స్తంభం పొడవులో ఇంచుమించు ఆరో వంతు భూమిలో ఉండాలన్నది లైన్‌మన్లు మొదట్లోనే నేర్చుకునే లెక్క. తొమ్మిది మీటర్ల స్తంభానికి మీటరున్నర గుంత. నల్లరేగడి నేలలో ఇద్దరు మనుషులు గడ్డపారతో తవ్వేస్తారు. ఇక్కడున్నది దాదాపు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైట్. గడ్డపార వేస్తే నిప్పురవ్వ లేస్తుంది తప్ప మట్టి లేవదు. చాలా రోడ్లలో ఇప్పుడు కేబుళ్లు భూమిలోంచి పోతున్నాయి. ఫుట్‌పాత్ పక్కన తాళం వేసిన ఇనుప పెట్టెలు కనిపిస్తాయి కదా, అవి రింగ్ మెయిన్ యూనిట్లు. ఒకవైపు కేబుల్ పాడైతే రెండోవైపు నుంచి సరఫరా ఇవ్వడానికి. అందుకని ఇక్కడ పనిచేసేవాడికి స్తంభం ఎక్కడమూ రావాలి, కంటికి కనిపించని కేబుల్ ఎక్కడ తెగిందో కనిపెట్టడమూ రావాలి.

మొదటి పాఠం... ఊపిరి

ఫిల్మ్‌నగర్ బస్తీలో ఒక అమ్మాయి ఉంది. పేరు అవసరం లేదు. తండ్రి సినిమాల్లో లైట్‌మన్. మహబూబ్‌నగర్ వైపు నుంచి పాతికేళ్ల కింద వచ్చి, కేబుళ్లు మోసే హెల్పర్‌గా చేరి, పని నేర్చుకున్నాడు. తల్లి జూబ్లీహిల్స్‌లో రెండిళ్లలో పనిచేస్తుంది. పదో తరగతి అయ్యాక పిల్ల ఐటీఐలో చేరతానంటే ఇద్దరూ సంతోషించారు. కంప్యూటర్ ట్రేడ్ అనుకున్నారు. కాదు, ఎలక్ట్రీషియన్!

లైన్‌మన్ ఉద్యోగానికి దారి ఇదే. పదో తరగతి, దాని మీద ఐటీఐలో ఎలక్ట్రికల్ లేదా వైర్‌మన్ ట్రేడ్. లేదంటే ఇంటర్‌లో ఎలక్ట్రికల్ ఒకేషనల్. ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండేళ్లు. తర్వాత కావాలంటే అప్రెంటిస్‌షిప్ చేసి ఆ సర్టిఫికెట్టు కూడా తెచ్చుకోవచ్చు.

కరెంటు బడిలో మొదటి పాఠం కరెంటు గురించి కాదు. షాక్ కొట్టినవాడిని ఎలా విడదీయాలి, ఊపిరి ఎలా అందించాలి, గుండె మీద ఎలా నొక్కాలి... అక్కడ మొదలవుతుంది. ముందు మెయిన్ ఆపాలి. ఆపలేకపోతే పొడి కర్రతో నెట్టాలి. చేత్తో పట్టుకుని లాగబోతే ఇద్దరూ అతుక్కుంటారు. తర్వాత కొన్ని వారాలు ఆకురాయి పట్టుకుని ఇనుప ముక్కను నున్నగా రాకడమే. 'ఇది నేర్చుకునేందుకా ఇంత దూరం బస్సులో వచ్చేది' అని పిల్లలు విసుక్కుంటారు. ఆ విసుగులోనే చేతికి పనిముట్టు అలవాటవుతుంది.

ఆ తర్వాత తీగల ముళ్లు. తీగకు తీగ కలిపే పద్ధతులు అన్నెన్ని ఉంటాయని బయటివాళ్లు ఊహించలేరు. బ్రిటానియా జాయింట్, వెస్ట్రన్ యూనియన్ జాయింట్, మ్యారీడ్ జాయింట్. ఈ మూడోది చెప్పినప్పుడు క్లాసంతా నవ్విందట. తీగలోని పాయలు విప్పి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, ఎదురెదురుగా చుడతారు. లాగినా ఊడకూడదు, అదీ పరీక్ష. కరెంటు పోయే దారిలో వదులుగా ఉన్న ముడి వేడెక్కుతుంది. వేడెక్కింది కాలుతుంది. వేసవిలో ఏసీలన్నీ ఒక్కసారి వేసినప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర జంపర్ తెగిపడటం వెనక చాలాసార్లు ఉండేది ఇలాంటి వదులు ముడే.

ఇంకో లెక్క ఆ అమ్మాయిని రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. అరవై వాట్ల పాతకాలపు బల్బు తీసుకునే కరెంటు ఆంపియర్‌లో పావు వంతు. మనిషి గుండె లయ తప్పడానికి పదో వంతు కూడా అక్కర్లేదు! ఇంట్లో గుడ్డి వెలుగిచ్చే బల్బు తాగే కరెంటులో సగం కంటే తక్కువ చాలు, మనిషి పోవడానికి. దేశంలో ఏటా పది వేల మందికి పైగా కరెంటు షాక్‌తో చనిపోతున్నారని జాతీయ నేర రికార్డుల లెక్కలు చెబుతున్నాయి. వాళ్లలో ఎక్కువమంది లైన్‌మన్లు కారు, మామూలు జనం. కానీ లైన్‌మన్ రోజూ ఆ తీగ దగ్గరికే వెళ్లాలి.

పత్రికలో ఒక ఫొటో

ఈ పిల్లకు ఈ ఆలోచన ఎక్కడిది? తొమ్మిదో తరగతిలో ఉండగా పేపర్లో చూసిన ఒక ఫొటో నుంచి.

2019లో టీఎస్‌ఎస్‌పీడీసీఎల్ 2,500 జూనియర్ లైన్‌మన్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. మహిళలకు అవకాశం లేదు. స్తంభాలెక్కడం వాళ్ల వల్ల కాదన్నది అందరూ అనుకునే మాటే. ఐటీఐలో మాత్రం ఆడపిల్లల్ని చేర్చుకుంటారు, అదే సిలబస్ చెబుతారు, అదే సర్టిఫికెట్టు ఇస్తారు! కొందరు అమ్మాయిలు హైకోర్టుకు వెళ్లారు. పరీక్ష రాయనివ్వాలని కోర్టు చెప్పింది. రాశారు. 2020 డిసెంబరులో స్తంభమెక్కే పరీక్ష కూడా పెట్టారు. సిద్దిపేట జిల్లాకు చెందిన బబ్బూరి శిరీష, మహబూబాబాద్ జిల్లాకు చెందిన భారతి ఆ పరీక్షలో నెగ్గారు. ఎక్కి చూపించాక కూడా శిరీష చేతికి ఉత్తర్వు రావడానికి 2022 మే దాకా పట్టింది. అప్పటి విద్యుత్ శాఖ మంత్రి జగదీశ్‌రెడ్డి ఆమెకు నియామక పత్రం ఇచ్చారు. రాష్ట్రంలో తొలి లైన్‌ఉమన్ అని పత్రికలు రాశాయి. అప్పటికి శిరీషకు ఇరవై ఏళ్లు.

ఆ ఫొటో ఈ అమ్మాయి నోటుబుక్కు అట్ట లోపల ఇప్పటికీ ఉంది.

అయితే దారి తెరుచుకున్నంత మాత్రాన నడక తేలిక కాదు. 2022లో వచ్చిన తర్వాతి నోటిఫికేషన్‌కు జులైలో జరిగిన రాతపరీక్ష అక్రమాలు బయటపడి రద్దయింది. నిజాయతీగా చదివినవాళ్లు మళ్లీ మొదటికి వచ్చారు. 2023లో మళ్లీ నోటిఫికేషన్, మళ్లీ పరీక్ష. రాతపరీక్షకు 80 మార్కులు, అందులో 65 ఐటీఐ పాఠాల మీదే. ఆ తర్వాత స్తంభం. రాతలో ఎన్ని మార్కులొచ్చినా స్తంభం ఎక్కలేకపోతే ఇంటికే.

శివార్లలో ఒక ఖాళీ జాగాలో వైర్లు లేని సిమెంటు స్తంభం పాతి ఉంది. ఆదివారాలు పొద్దున్నే పదిపదిహేను మంది అక్కడికి చేరతారు. వాళ్లకు నేర్పేది రిటైరైన ఒక లైన్‌మన్. అందరికీ 'కాకా'. గుండ్రటి తాటిచెట్టు ఎక్కడం వేరు, పలకలుగా ఉండే ఈ సిమెంటు స్తంభం వేరు. తాటిచెట్టుకు గరుకైన ఒళ్లుంటుంది, గీత కార్మికుడికి మోకు ఉంటుంది. 2024 నుంచి వాళ్లకు కాటమయ్య పేరుతో సేఫ్టీ కిట్లూ వచ్చాయి. పరీక్ష స్తంభానికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అరచేతులతో రెండు అంచులూ బిగించి, పాదాలు చెరో పక్క నొక్కి, ఒళ్లంతా పైకి లాక్కోవాలి. మొదటి నెల మోకాళ్ల తోలు ఊడుతుంది.

"చేతుల బలంతోని ఎక్కితె నడిమిట్లనె ఆగిపోతవ్ బిడ్డా. పాదాలతోని నొక్కు. చేతులు పట్టుకునేటందుకె, ఎక్కేటియి కాళ్లే" అంటాడు కాకా.

ఆ అమ్మాయి మూడు నెలల్లో చివరిదాకా వెళ్లింది. పైకి వెళ్లాక కొత్త కష్టం. దిగడం! కిందికి చూస్తే కాళ్లు వణుకుతాయి. అక్కడ పది నిమిషాలు అతుక్కుపోయింది. కింద మగపిల్లలు ఎవరూ నవ్వలేదు. వాళ్లలో సగం మందికి అదే జరిగింది మరి.

ఎవరి చేతిలో స్విచ్చు

ఇంట్లో మాత్రం ఒప్పుకోలు కాలేదు. తండ్రికి కరెంటు తెలుసు, అదే చిక్కు. తెలియనివాడికైతే సర్ది చెప్పవచ్చు.

"సెట్టు మీద స్విచ్చు నా చేతిల ఉంటది బిడ్డా. లైను మీద నీ పాణం ఇంకెవరి చేతిలనో ఉంటది" అన్నాడు ఆయన. పాతికేళ్ల అనుభవం ఆ ఒక్క మాటలో ఉంది. పిల్ల దగ్గర జవాబు లేదు. తర్వాతి ఆదివారం కాకాను అడిగింది.

కాకా నవ్వలేదు. "మీ నాయిన మాట నిజమే. అందుకె ఎల్‌సీ అనేది పెట్టిండ్రు" అన్నాడు.

ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. ఈ రెండక్షరాల మీదే లైన్‌మన్ బతుకు నిలబడి ఉంటుంది. 11 కేవీ లైను మీద పని చేయాలంటే ముందు సబ్‌స్టేషన్‌లో అడగాలి. అక్కడి ఆపరేటర్ ఆ ఫీడర్ బ్రేకర్ తీస్తాడు, ఐసొలేటర్ తీస్తాడు, తాళం వేస్తాడు, 'మనుషులు పని చేస్తున్నారు' అన్న బోర్డు తగిలిస్తాడు, రిజిస్టర్‌లో ఎవరికిచ్చాడో టైముతో సహా రాస్తాడు. ఎవరు తీసుకున్నారో వాళ్లే తిరిగి ఇవ్వాలి. అప్పటిదాకా ఊరంతా ఫోన్లు చేసినా, ఎంత పెద్దమనిషి అరిచినా లైను ఛార్జ్ చేయకూడదు. 'పదింటికి ఆపండి, పదిన్నరకి వేసెయ్యండి' అని టైము మాట్లాడుకోవడం చచ్చినా చేయకూడదు. గడియారాలు రెండూ ఒకలాగే తిరుగుతాయన్న నమ్మకం ఏముంది? 'ఆపేసిన అన్నా' అని ఫోన్లో వినిపించిన మాట కూడా చాలదు. ఒకే స్తంభం మీద రెండు ఫీడర్లు పోతున్న చోట ఆపింది ఒకటి, ఎక్కింది ఇంకోదాని మీద అయితే?

అందుకే ఎల్‌సీ వచ్చాక కూడా నమ్మకూడదు. టెస్టర్‌తో చూడాలి. తర్వాత పని చేసే చోటికి రెండువైపులా లైనును ఎర్త్ చేయాలి. ఇక్కడ వరస తప్పకూడదు. గొలుసు కొసను ముందు భూమికి కట్టి, తర్వాత రాడ్‌తో తీగకు తగిలించాలి. తీసేటప్పుడు ముందు తీగ నుంచి తీసి, ఆఖర్న భూమి నుంచి. తిరగేసి చేస్తే గొలుసు పట్టుకున్న మనిషే భూమికీ తీగకూ మధ్య దారి అవుతాడు. కాకా ఈ వరసను పిల్లలతో ఎక్కాల్లాగా వల్లె వేయిస్తాడు. వానలో, చీకట్లో, కింద జనం తిడుతుంటే, ఆకలితో ఉన్నప్పుడు కూడా చేతులకు అదే వరస రావాలి. తొందరలో ఎర్తింగ్ మానేసి ఎక్కేవాళ్లూ ఉన్నారు. ఊళ్లలో తమ బదులు ఏ ఉద్యోగమూ లేని ప్రైవేటు హెల్పర్‌ను స్తంభమెక్కించేవాళ్లూ ఉన్నారు. పేపర్లో 'విద్యుదాఘాతంతో మృతి' అని నాలుగు లైన్లు వచ్చేది ఎక్కువగా అలాంటి రోజుల్లోనే.

"సబ్‌స్టేషన్‌ల ఆపినంక ఇంకా కరెంటు ఏడికెల్లి వస్తది కాకా?" అని ఒక కుర్రాడు అడిగాడు.

"గీ జూబ్లీహిల్స్‌ల ప్రతి గేటు లోపట ఒక సబ్‌స్టేషన్ ఉంటదిరా" అన్నాడు కాకా.

జనరేటర్ల మాట అది. ఇంటికి జనరేటర్ పెట్టుకుంటే మధ్యలో ఛేంజోవర్ స్విచ్చు ఉండాలి. అది ఒకవైపు వేస్తే కరెంటాఫీసు సరఫరా, రెండోవైపు వేస్తే జనరేటర్. రెండూ ఎప్పుడూ కలవవు. ఆ స్విచ్చు లేకుండా, మెయిన్ తీయకుండా జనరేటర్‌ను ఇంటి బోర్డుకు కలిపేస్తే? ఆ కరెంటు ఇంట్లోనే ఆగదు. సర్వీసు వైరు పట్టుకుని ట్రాన్స్‌ఫార్మర్‌కు పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు మాట వినడమే గానీ దిక్కు తెలియదు. 11 వేల వోల్టులను 415కి దించినట్టే, కింది నుంచి 415 ఇస్తే పైకి 11 వేలు చేసి పంపుతుంది. ఆపేసిన లైను మీద చెయ్యి వేసిన మనిషికి అది సబ్‌స్టేషన్ నుంచి వచ్చిందా, నాలుగో ఇంటి జనరేటర్ నుంచి వచ్చిందా అన్న తేడా ఉండదు. అక్కడ కాపాడేది ఎర్త్ గొలుసు ఒక్కటే. పాతవాళ్లు దీన్ని బ్యాక్‌ఫీడ్ అంటారు.

అమ్మాయి ఆ మధ్యాహ్నమంతా మాట్లాడలేదు. రాత్రి తండ్రి షూటింగ్ నుంచి వచ్చి అన్నం తింటుంటే అడిగింది.

"నాయినా, షూటింగ్ ఇంట్ల జనరేటర్ ఎట్ల కలుపుతరు?"

"మనది సపరేటు కేబుల్. వ్యాన్‌కెల్లి సీదా లైట్లకు. ఇంటి బోర్డు జోలికి పోము."

"ఎన్నడూ పోలేదా?"

ఆయన ముద్ద కలుపుతూ ఆగాడు. ఎన్నడో ఒక అద్దె బంగళాలో, రాత్రి పన్నెండింటికి, కరెంటు పోయి షాటు ఆగిపోతే, 'ఇంట్ల ఫ్యాన్లు, బల్బులు సుత ఎలగాలె ఫ్రేముల' అని పైవాళ్లు తొందర చేస్తే... హాల్లో ప్లగ్గులోకి వైరు తిప్పి పెట్టిన రోజు ఒకటుంది. మెయిన్ తీశారో లేదో ఇప్పుడు గుర్తు లేదు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రాత్రి లైను మీద ఎవరూ లేరు, అంతే. ఉన్నారో లేదో ఆయన అప్పుడు ఆలోచించను కూడా లేదు.

"ఒక్కపారి" అన్నాడు.

పిల్ల ఏమీ అనలేదు. నోటుబుక్కు తెచ్చి ట్రాన్స్‌ఫార్మర్ బొమ్మ గీసి చూపించింది. కింది నుంచి పైకి బాణం గుర్తు. ఆయన చదువుకోలేదు గానీ బొమ్మ అర్థమైంది. బొమ్మలో స్తంభం మీద ఒక మనిషిని కూడా గీసి ఉంది.

తల్లి మధ్యలో కలగజేసుకుంది. "వద్దంటె వద్దని చెప్పుర్రి. గీ పని చేసే పిల్లకు సంబంధాలు ఎవరు తెస్తరు?" అంది. ఆమె భయం ఆమెది. రోజూ ఆమె తుడిచే ఇళ్లలో కరెంటు పది సెకన్లు కూడా పోదు. తన ఇంట్లో గంటలు పోతుంది. కూతురు వానలో ఆ కొండెక్కి వాళ్ల చీకటి తీయాలా అన్నది ఆమె బాధ. దానికి తండ్రీ కూతుళ్లిద్దరి దగ్గరా జవాబు లేదు. ఆ వాదన ఆ ఇంట్లో ఇంకా నడుస్తూనే ఉంది.

కానీ తర్వాతి షూటింగ్ నుంచి ఒక మార్పు వచ్చింది. అద్దె బంగళాకు వెళ్లగానే లైట్‌మన్ మొట్టమొదట మీటరు బోర్డు ఎక్కడుందో చూస్తున్నాడు. జనరేటర్ ఇంటి బోర్డుకు కలపాల్సిందే అంటే మెయిన్ ఫ్యూజు క్యారియర్లు పీకి సొంత జేబులో వేసుకుంటున్నాడు. ప్యాకప్ దాకా ఇవ్వడు. మేనేజరు ఒకాయన విసుక్కుంటే, "లైను మీద పిల్లలుంటరు సార్" అన్నాడట.

వచ్చే నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఆలోగా అప్రెంటిస్‌షిప్‌కు దరఖాస్తు పెట్టింది అమ్మాయి. ఆదివారం ప్రాక్టీసు మానలేదు. మొన్నటి వారం షూటింగ్ లేదని తండ్రి కూడా వెంట వెళ్లాడు. కాకా పక్కన నిలబడి, ఫోన్‌లో టైము పెట్టి చూశాడు. పైదాకా ఎక్కింది. దిగేటప్పుడు సగంలో ఆగి కిందికి చూసింది.

"నా దిక్కు చూడకు. నీ కాలు యాడుందో చూస్కో" అన్నాడు తండ్రి.